చేతిఫోనుపై విచారణ

(తెనాలి, బాపట్ల, రేపల్లె డిగ్రీ విద్యార్థుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



స్మార్టుఫోను వ్యసనము విద్యార్థుల మేధాశక్తిని క్షీణింపజేయుచున్నదా యను ప్రశ్నపై ఈ మూడు పట్టణముల విద్యార్థులు కలిసి ఒక మనస్తత్త్వ పరిశోధన జరుపనెంచి, దాని పథకమును పరిశీలించి అభిప్రాయము చెప్పుడని మమ్ము కోరియున్నారు. మేము మనస్తత్త్వశాస్త్రజ్ఞులము కాము. సాక్ష్యమును జల్లించుట మా వృత్తి. గ్రంథాలయోద్యమమున సేవచేయుట మా వ్యాసంగము. అయినను ప్రశ్న అడుగు విధమునుబట్టి సమాధానము మాఱుటను దినదినము న్యాయస్థానమున చూచువారము గనుక, ఆ మేరకు మాటలాడుటకు మాకు కొంత అధికారము కలదని తలంచుచున్నాము.

మీరు పంపిన చిత్తును శ్రద్ధతో చదివితిమి. దాని శీర్షికయే మమ్ము ఆపివేసినది. "స్మార్టుఫోను వ్యసనమువలన విద్యార్థుల మేధాశక్తి క్షీణించుటను నిరూపించుట" అని వ్రాసికొంటిరి. నిరూపించుటకు బయలుదేరినవాడు పరిశోధకుడు కాడు, ఫిర్యాదుదారు. ఫిర్యాదుదారే సాక్షులను పిలిచి, వారి వాఙ్మూలమును తానే వ్రాసికొని, తానే తీర్పు చెప్పునెడల ముద్దాయికి దిక్కెవ్వరు? ముద్దాయి ఫోను గదా, దానికి దిక్కెందుకని మీరనవచ్చును. ముద్దాయి ఫోను కాదు. మీ తోడి విద్యార్థి.

ఏలనందురా? మీ పరిశోధన ముగిసిన మఱునాడు "మన పట్టణమున నూటికి ఇంతమంది విద్యార్థులు ఫోను వ్యసనపరులు" అని పత్రికలలో ఒక వార్త వెలువడును. మీ కాగితములందలి షరతులును సందేహములును ఆ వార్తలోనికి ఎక్కవు. సంఖ్య మాత్రము ఎక్కును. ఆ సంఖ్యను చదివిన ఇంటిలో ఫోను మొదట ఎవరి చేతినుండి లాగికొనబడునో మనమెఱుగనిది కాదు. 2024 నాటి అసర్ నివేదిక ప్రకారము మన దేశపు గ్రామములలో 14 మొదలు 16 ఏండ్ల వయస్సు గలిగి స్మార్టుఫోను వాడనేర్చినవారిలో సొంత ఫోను గలవారు బాలురయందు నూటికి 36.2, బాలికలయందు 26.9. అసలే కొలదిగా నున్నది ఆడపిల్లకు. పాఠము వినుట, హాల్‌టిక్కెట్టు తీసికొనుట, ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టుట, బస్సు తప్పిననాడు ఇంటికి కబురంపుట, ఇవన్నియు ఇప్పుడా యంత్రముమీదనే ఆధారపడియున్నవి. తప్పుడు సంఖ్య యొకటి ఆమె చదువునకే అడ్డుపడగలదు. ఫోను నిర్దోషియని మేము వకాల్తా పుచ్చుకొనలేదు. దోషము గలదేని స్థాపింపుడు. ఎదుటి వకీలు ఎన్ని అడ్డుప్రశ్నలు వేసినను నిలుచునట్లు స్థాపింపుడు. మేము కోరునది అంతియే.

మొదట వ్యసనమను మాటను గూర్చి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదింపగా 2022లో అమలులోనికి వచ్చిన రోగముల పట్టికలో, అనగా పదునొకండవ కూర్పులో, ఆటల వ్యాధి యొకటి చేరినది. స్మార్టుఫోను వ్యసనమను రోగము అందులో లేదు. 2013 నాటి అమెరికా మానసిక వైద్యుల పట్టికలోను లేదు. అట్లని బాధితులే లేరనుట తప్పు. బెంగుళూరులోని నిమ్హాన్సువారు 2014లో ఇట్టివారికై ప్రత్యేక చికిత్సాలయమునే తెఱచిరి. అయితే ఆచ్చట వైద్యుడు ఒక్కొక్క మనిషిని ఎదుట కూర్చుండబెట్టుకొని, వాని నిద్ర, తిండి, చదువు, ఇంటి సంగతులు విచారించి రోగమును నిర్ణయించును. మీరు చేయబోవునది పది ప్రశ్నల కాగితమును పంచి, కూడిక వేయుట. ఈ రెండును ఒకటి కావు.

ఆ పది ప్రశ్నల కాగితము కొరియా దేశమునుండి వచ్చినది. 2013లో క్వాన్ మొదలగువారు కౌమారులకొఱకు దానిని సిద్ధపఱచిరి. ఒక్కొక్క ప్రశ్నకు ఆఱు మెట్ల సమాధానము. మొత్తము బాలురకు 31, బాలికలకు 33 దాటినచో ప్రమాదమని వారి హద్దు. ఆ హద్దు కొరియా పిల్లలను చూచి గీచినది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫోను గల ఇండ్లను చూచి గీచినది. రేపల్లె చుట్టుప్రక్కల లంక గ్రామములలో ఒకే ఫోను తండ్రి చెల్లింపులకు, తల్లి మాటలకు, తమ్ముని ఆటకు, అక్క పాఠమునకు చేతులు మాఱుచుండును. అట్టి ఇంటి పిల్ల ఫోను లేక ఎంత తహతహపడునని అడిగిన, ఆమె చెప్పు సమాధానమునకు అర్థమేమి? దొరకని వస్తువుపై తహతహ వ్యసనమా, అవసరమా? 2014లో వెలువడిన ఒక సమీక్ష మన దేశపు కౌమారులలో ఈ వ్యసనము నూటికి 39 మొదలు 44 వరకు గలదని చెప్పినది. నాటినుండి ఆ సంఖ్య సభలలో విరివిగా వినబడుచున్నది. కొలబద్దను పరీక్షింపకయే కొలత నమ్మువారికి బట్టల దుకాణమున ఏమి జరుగునో మీకు వేఱుగ చెప్పవలయునా?

కావున ఆ కాగితమును వాడదలచితిరేని మొదట తెలుగు చేయుడు. ఇద్దరు వేఱువేఱుగ తెనిగింపవలెను. ఆంగ్లమూలమును చూడని మూడవవాడు దానిని మరల ఆంగ్లములోనికి మార్చవలెను. మూలమునకును దీనికిని ఎక్కడ పొసగలేదో అక్కడ దిద్దుకొనవలెను. కాగితముపై వ్యసనమను మాట ఎచ్చటను కనబడరాదు. న్యాయస్థానమున సాక్షినోట సమాధానమును పెట్టు ప్రశ్నను, ఎదుటివారు ఆక్షేపించినచో, ముఖ్యవిచారణలో అడుగనీయరు. 1872 నాటి సాక్ష్య చట్టము పోయి 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను ఆ నియమము మాఱలేదు. ఇక వచ్చిన మొత్తమును మొత్తముగానే వాడుకొనుడు. దానిని 31 వద్ద కోసి, ఇటువారు ఆరోగ్యవంతులు, అటువారు వ్యసనపరులని విభజింపకుడు.

రోజుకు ఎన్ని గంటలు ఫోను చూతువని అడుగుట రెండవ చిక్కు. సామాజిక సేవా ప్రాజెక్టు పేర ఊళ్లలో ప్రశ్నపత్రములు పట్టుకొని తిరిగినవారు మీలో పలువురున్నారు. అడిగినవారికి ఏది ప్రియమో అది చెప్పుట మన గృహస్థులకు మర్యాద యని మీకు తెలియును. విద్యార్థులు అందుకు అతీతులు కారు. అంతేకాదు, నిజము చెప్పనెంచినవానికి సైతము లెక్క తెలియదు. 2021లో పారీ మొదలగువారు అనేక పరిశోధనలను జతచేసి చూడగా, మనుష్యులు చెప్పిన కాలమునకును యంత్రము నమోదు చేసిన కాలమునకును గల పొందిక 0.38 మాత్రమే యని తేలినది. సంపూర్ణమైన పొందిక 1 యని జ్ఞాపకముంచుకొనుడు. ఫోనులోనే ఏ దినమున ఎంతసేపు వాడబడినదో చూపు లెక్క యున్నది గదా, దానిని చూచి విద్యార్థియే ఏడు దినముల మొత్తమును వ్రాసి ఈయవలెను. ఆ ఫోను ఇతరులు కూడ వాడుదురా యను ప్రశ్న దాని ప్రక్కనే యుండవలెను. తెర బొమ్మను తీసి పంపుమని మాత్రము అడుగకుడు. ఎవరు ఏ యాప్‌లో ఎంతసేపు గడపినదియు మీకు అక్కఱలేదు. అక్కఱలేని రహస్యమును దాచుట ఎవరికైనను భారమే.

ఇంత చేసినను ఈ ప్రశ్నపత్రము చెప్పగలిగినది ఒక్కటే: ఫోను ఎక్కువగా చూచువారును, పరీక్షలో తక్కువ తెచ్చుకొనువారును తఱచుగా ఒక్కరే అగుదురో కారో. ఫోనువలననే తక్కువైనదని అది చెప్పజాలదు. ఉదాహరణము మన ఎదుటనే కలదు. రేపల్లెనుండి తెల్లవాఱకమునుపే లేచి రైలునందుకొని తెనాలికి చదువవచ్చు విద్యార్థికి నిద్ర తక్కువ. రైలులో కూర్చున్నంతసేపు చేతిలో ఫోనే గదా. కాలేజీ ప్రక్క వీధిలో నున్నవానికి ఆ నిద్ర నష్టము లేదు, ఆ రైలు కాలమును లేదు. ఇద్దరికి పరీక్ష పెట్టిన, మొదటివానికి తగ్గిన మార్కులను ఫోను ఖాతాలో వ్రాసెదరు. నిజమునకు అవి రైలు ఖాతాలోనివి. నిద్ర, ప్రయాణము, ఇంటిపని, ఇంటరులో వచ్చిన మార్కులు, వీనిని అడిగి లెక్కలో చేర్చుకొనవచ్చును. అడుగుటకు తోచని కారణములు మఱి ఎన్నియో మిగులును.

కనుక ప్రశ్ననే చిన్నది చేసికొనుడని మా సలహా. జీవితకాలపు వ్యసనమును వదలి, ఒక గంట పరీక్షను పట్టుకొనుడు. విద్యార్థి ఫోను అతని బల్లమీదనే యుండుటవలన ఆ గంటలో అతని స్మృతియు అవధానమును తగ్గునా? దీనికి పూర్వసాక్ష్యము కలదు. 2017లో టెక్సాసు విశ్వవిద్యాలయమున వార్డు మొదలగువారు ఐదువందలకు పైబడిన విద్యార్థులను మూడు జట్లుగా చేసి, కొందఱి ఫోను బల్లమీద బోర్లించియు, కొందఱిది జేబులోనో సంచిలోనో ఉంచియు, కొందఱిది వేఱొక గదిలో పెట్టించియు పరీక్షించిరి. ఫోనులన్నియు మూగవే, ఒక్కటియు మ్రోగలేదు. అయినను వేఱొక గదిలో వదలి వచ్చినవారు బల్లమీద పెట్టుకొన్నవారికంటె మెఱుగుగా చేసిరి. లోకమంతయు దానిని చెప్పుకొన్నది. 2022లో కెనడాలోని ఇద్దఱు పరిశోధకులు, రూయిజ్ పార్దో, మిండా యనువారు, అదే పరీక్షను మరల చేయగా ఆ భేదము కనబడలేదు. దీనిని లోకమంతగా చెప్పుకొనలేదు! దిగువకోర్టులో గెలిచిన దావా అప్పీలులో నిలువకపోవుట మాకు వింత కాదు గాని, మొదటి తీర్పు ప్రతులే ఇంకను బజారులో చెలామణి యగుచుండుట విచారకరము.

ఈ ప్రశ్న ఇంకను తేలలేదన్నమాట. తేలని ప్రశ్నకు తెనాలి విద్యార్థి తెచ్చు సాక్ష్యమునకు టెక్సాసు విద్యార్థి సాక్ష్యమునకున్న విలువయే యుండును, జాగ్రత్తగా తెచ్చినచో. ఇచ్చట మూడు పట్టణములు కలియుటలోని బలము తెలియవచ్చుచున్నది. రెండు జట్ల నడుమ మధ్యరకపు భేదమున్నచో, ఐదింట నాలుగు మార్లు దానిని పట్టుకొనుటకు జట్టునకు 64 మంది చాలుదురు. భేదము చిన్నదైనచో జట్టునకు సుమారు 400 మంది కావలయును. ఇట్టి విషయములలో భేదములు చిన్నవే. ఎనిమిదివందలమందిని ఒక్క కాలేజీ కూర్చుకొనుట కష్టము. ముగ్గురు కలిసినచో సాధ్యము. 2022 ఏప్రిలు 4న బాపట్ల జిల్లా ఏర్పడి బాపట్ల, రేపల్లెలు అందు చేరగా తెనాలి గుంటూరులోనే మిగిలినను, డెల్టా కాలువలకును రైలు పట్టాలకును ఆ గీత తెలియదు, మీకును తెలియనక్కఱలేదు.

కాని ఒక ప్రమాదమును ముందే హెచ్చరించుచున్నాము. తెనాలివారు ఫోనుతోను, రేపల్లెవారు ఫోను లేకయు పరీక్ష వ్రాయుదురని మీ చిత్తులో సౌకర్యమునకై వ్రాసియున్నారు. అట్లు చేసిన మీరు పోల్చునది ఫోనును కాదు, తెనాలిని, రేపల్లెను. ప్రతి పట్టణమున, ప్రతి గదిలో, అదే పూట చీట్లు వేయవలెను. చీటీలో వచ్చినదానినిబట్టి సగముమంది ఫోను బల్లమీద బోర్లించి ఉంచుదురు. సగముమంది ప్రక్కగదిలో అప్పగింతురు. ఎవరు ఎటు కూర్చుండవలెనో అధ్యాపకుడు నిర్ణయింపరాదు, విద్యార్థి కోరుకొనరాదు. ఫోనులను భద్రపఱచుటకు పెద్ద దేవాలయముల వద్ద చేయు పద్ధతియే చాలును: సంచి, సంఖ్య, టోకెను. ఒక్క ఫోను పోయినను మీ పరిశోధన అంతటితో సరి.

ఇక పరీక్షలు. అవధానమును పరీక్షించుట తెలుగువారికి ఎవరును నేర్పనక్కఱలేదు. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుండి, ఒకరు అక్షరమును నిషేధించుచు, ఒకరు గంట కొట్టి లెక్క అడుగుచు, ఒకరు పనిగట్టుకొని అప్రస్తుత ప్రసంగము చేయుచుండగా, కడపట ధారణ పట్టవలెను. పరధ్యానమును కల్పించుటకే ఒక మనిషిని నియమించి పీట వేసిన సభ మఱి ఏ దేశమున నున్నదో మాకు తెలియదు. ఇప్పుడా అప్రస్తుత ప్రసంగి జేబులోనికి వచ్చినాడు. తేడా యేమనగా, సభలోని ప్రసంగికి వేళ యున్నది; వీనికి లేదు.

మీ పరీక్షలలో ఒకటి అంకెల ధారణ. చదివిన అంకెలను అదే వరుసలో, పిదప వెనుకనుండి చెప్పుట. ఇందులో తెలుగువారికి ప్రత్యేకమైన మెలిక యొకటి కలదు. ఆంగ్లమున ఒకటినుండి తొమ్మిదివరకు ఒక్కటి తప్ప అన్నియు ఏకాక్షరోచ్చారణములే. తెలుగులో ఒక్కటియు అట్టిది లేదు, ఎనిమిదికి నాలుగక్షరములు. పలుకుటకు ఎక్కువ కాలము పట్టు అంకెలు తక్కువగా నిలుచును. వేల్సు భాషయందలి అంకెలకు ఆంగ్లాంకెలకంటె ఎక్కువ కాలము పట్టుటచే ఉభయభాషలు వచ్చినవారికి సైతము వేల్సు అంకెలు తక్కువగా జ్ఞాపకముండెనని 1980లో ఎల్లిసు, హెన్నెలీ చూపియున్నారు. ఈ సంగతి ఎఱుగక తెలుగుమాధ్యమపు పిల్లవానిని తెలుగులోను, ఆంగ్లమాధ్యమపు పిల్లవానిని ఆంగ్లములోను పరీక్షించి, మొదటివాడు మందమతియని వ్రాసినచో అది పరిశోధన కాదు, అపనింద. మనవారు ఫోను నంబరును చెప్పునప్పుడు తెలుగు సంభాషణ నడుమ సైతము ఆంగ్లాంకెలే వాడుట చూచుచున్నాము గదా. కావున అందఱికి ఆంగ్లాంకెలే వాడుట మేలు. ఎవరికైన అది కష్టమని తోచినచో కాగితముపై గుర్తించుకొనుడు.

రెండవది 1935లో స్ట్రూప్ కల్పించిన రంగుల పరీక్ష. ఎఱుపు అను మాటను నీలపుసిరాతో అచ్చువేసి, మాటను చదువక సిరా రంగును చెప్పుమందురు. నోరు మాటవైపు లాగును, బుద్ధి రంగువైపు లాగవలెను. దీనిని తెలుగున అచ్చువేయునప్పుడు పచ్చ అను మాటను వదలివేయుడు. పచ్చని ఆకు, పచ్చని పసుపు రెండును మనకు పచ్చయే. ఎఱుపు, నీలము, నలుపు, పసుపు చాలును. రంగులు సరిగా కనబడనివారిని ముందే అడిగి తెలిసికొనుడు. రావెన్ చిత్రముల పరీక్ష కూడ పెట్టెదమని వ్రాసితిరి. 1938 నాటి ఆ పరీక్షకు హక్కుదారులున్నారు. జెరాక్సు తీసి పంచుట చట్టవిరుద్ధము. సొమ్ము లేనిచో దానిని మానుకొనుడు.

సివిలు దావాలో సాక్షులను పిలుచుటకు ముందే వివాదాంశములను ఖాయపఱతురు. మీరును అట్లే చేయవలెను. ఐదు పరీక్షలు పెట్టి, వచ్చిన ఫలితములలో మీ అభిప్రాయమునకు నచ్చినదానిని పైకెత్తి చూపు స్వేచ్ఛ మీకు ఉండరాదు. ముఖ్యమైన పరీక్ష ఏదో, ఎంత భేదము వచ్చిన భేదమని ఒప్పుకొందురో, ఏమియు రానిచో ఏమని వ్రాయుదురో ముందుగా వ్రాసి, తేదీ వేసి, ముగ్గురు పట్టణ ప్రతినిధులును సంతకములు చేసి, ప్రతిని ఒక్కొక్క పట్టణపు శాఖాగ్రంథాలయమున అందఱికి కనబడునట్లు ఉంచుడు. కాగితములు దిద్దువానికి అది ఏ జట్టుదో తెలియగూడదు.

పాల్గొనువారిని గూర్చి ఒక మాట. ఇంటరు విద్యార్థులను చేర్చుకొందుమని వ్రాసితిరి. వలదు. వారిలో పెక్కురకు పదునెనిమిదేండ్లు నిండవు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము మైనరుల విషయమున తలిదండ్రుల సమ్మతియు, పిల్లవాని అంగీకారమును రెండును కావలెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కూడ వారిని బాలురుగానే ఎంచుచున్నది. పాఠశాలలందైతే విద్యార్థులు ఫోను తేరాదని రాష్ట్రప్రభుత్వము 2023 ఆగస్టులోనే ఉత్తరువు చేసినది. పరిశోధన పేర దానిని మీఱించుట తగదు. డిగ్రీ విద్యార్థులలో పదునెనిమిది నిండినవారినే, ప్రిన్సిపాలుగారి లిఖితానుమతితోను, నైతిక సమితి ఆమోదముతోను పిలువుడు. వచ్చినవారికి ఇంటర్నల్ మార్కులు ఇత్తుమని ఏ అధ్యాపకుడును ఆశపెట్టరాదు. రానివానిని ఎందుకు రాలేదని అడుగరాదు. నడుమ లేచిపోవువానికి కారణము చెప్పు పని లేదు. ఫోను బుద్ధిని మందగింపజేయునా యని పరీక్షించుచున్నామని ముందే చెప్పినచో బల్లమీద ఫోనున్నవాడు ఆ భయముతోనే తడబడును గనుక, జ్ఞాపకశక్తి పరీక్షయని మాత్రము చెప్పి, ముగిసిన వెంటనే అసలు ఉద్దేశమును పూర్తిగా వివరించి, అప్పుడైనను తన కాగితమును తీసికొనిపోవు హక్కు అతనికి ఈయవలెను.

మా తరమువారు చిన్నతనమున సినిమా చెఱపుననియు, టీవీ చెఱపుననియు వినుచు పెరిగినవారమే. ఆ నిందలను సాక్ష్యముతో పరీక్షించినవారు మాకు మా ఊళ్లలో కనబడలేదు. మీరు పూనుకొన్నందుకు సంతోషించుచున్నాము.

సమ్మతిపత్రపు తెలుగు చిత్తును మేము వ్రాసి పంపెదము; ఒక పుటకు మించదు, పదవ తరగతి చదివినవారికి అర్థము కాని మాట అందుండదు. బాపట్లవారు మొదట ఇరువదిమందితో ఒక చిన్న ప్రయత్నము చేసి, చీట్లు వేయుటకు, ఫోనులు పుచ్చుకొని తిరిగి ఇచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టినదో, తెలుగు ప్రశ్నలలో వేనివద్ద కలములు ఆగినవో వ్రాసి తక్కిన రెండు పట్టణములకు పంపవలెను. తేదీలను ఆ జాబు వచ్చినపిమ్మట నిశ్చయింపవచ్చును.